లాబొరేటరీ తలుపులు తెరవండి!

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ నంబరు గేటు గొలుసు తెగింది. గేటు కాస్తా ప్రవాహంలో కొట్టుకుపోయింది. ఆ నీళ్ళను నమ్ముకున్న కర్ణాటక రైతులూ, మన అనంతపురం, కర్నూలు రైతులూ, ఆర్.డి.ఎస్. కాలువ కింద పాలమూరు రైతులూ గుండెలు అరచేత పట్టుకుని కూర్చున్నారు. గేట్ల నిపుణులు కన్నయ్య నాయుడు గారి ఆధ్వర్యాన వారం తిరిగేసరికి స్టాప్‌లాగ్ పలకలు దించి నీటిని ఆపగలిగారు. అంతకు మూడేళ్ళ ముందు, 2021 ఆగస్టు 5న, కృష్ణ మీద పులిచింతల ప్రాజెక్టు 16వ గేటు కూడా ఇలాగే కొట్టుకుపోయింది.

పేపర్లో ఈ వార్తలు చూసి మన హాస్టల్లో ఏమనుకున్నాం? "అంతా నిర్లక్ష్యం" అన్నాడొకడు. "పాతబడిపోయింది మరి, డెబ్భై ఏళ్ళ డ్యామ్ కదా" అన్నాడింకొకడు. ఇంజనీరింగు చదివేవాళ్ళం ఇంతకుమించి ఒక్క ప్రశ్న వేసుకోలేదు. ఇనుము పాతబడడం అంటే ఏమిటి? మనిషికి ముసలితనం వచ్చినట్టు ఉక్కుకీ వస్తుందా? ఏళ్ళ తరబడి బరువు మోసిన గొలుసు ఒకనాటి రాత్రి ఎందుకు తెగుతుంది? తుప్పు తినేసిందా, మాటిమాటికీ లాగి వదలడంతో అలిసిపోయిందా, పుట్టుకతోనే లోపల చిన్న పగులు ఉందా? తెగేముందు అది ఏ గుర్తూ చూపించదా? చూపిస్తే చూడగలిగిన కన్ను ఎవరిది?

ఈ ప్రశ్నలకు సమాధానం వెతికే శాస్త్రాలు రెండున్నాయి. ఒకటి సాలిడ్ మెకానిక్స్. మనం ఇంటర్మీడియట్ తెలుగు పుస్తకంలో చదువుకున్న ప్రతిబలం, వికృతి, స్థితిస్థాపకత అనే మాటలన్నీ దాని సంతానమే. బరువు పడ్డప్పుడు వస్తువులో ఎక్కడ ఎంత ప్రతిబలం పుడుతుందో అది లెక్కగడుతుంది. రెండోది మెటీరియల్స్ ఇంజనీరింగు. ఆ వస్తువు లోపలి నిర్మాణం ఏమిటి, అది ఏ వేడిలో ఎలా తయారైంది, ఎంతవరకు ఓర్చుకుంటుంది అన్నది అది చూస్తుంది. బండికి రెండు చక్రాల్లాంటివి ఇవి.

ప్రతి ఏటా మన సావనీర్‌లో క్యాంపస్ సెలెక్షన్ల పట్టిక వేస్తున్నాం. సంతోషమే. కానీ ఈ రెండు శాస్త్రాల్లో పైచదువులకూ, పరిశోధనకూ ఎంతమంది వెళ్ళారన్న లెక్క ఎక్కడా కనిపించదు. అడిగితే "ఆ లైన్లో స్కోప్ లేదు బ్రదర్" అంటారు. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. స్కోప్ ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాల పొలిమేర దాటక్కర్లేనంత దగ్గరలోనే ఉంది. అక్కడికి వెళ్ళే దారి లాబొరేటరీలోంచి పోతుంది. మన దగ్గర తాళం పడింది ఆ తలుపుకే.

ఓడ విరిగితే ఎవరిది తప్పు?

ఈ రెండు శాస్త్రాలూ విడివిడిగా ఉంటే ఎందుకు సరిపోదో చెప్పడానికి ఒక పాత సంగతి. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో షెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ ఓడ రేవులో కట్టేసి ఉంది. తుఫాను లేదు, అల లేదు, శత్రువు లేడు. ఉన్నట్టుండి పెద్ద చప్పుడుతో నడిమికి విరిగింది. ఆ యుద్ధకాలంలో 2,700కు పైగా కట్టిన లిబర్టీ ఓడల్లో కూడా చాలావాటికి పగుళ్ళు వచ్చాయి, కొన్ని రెండు ముక్కలయ్యాయి. లెక్క ప్రకారం ఆ బరువుకి ఆ ఉక్కు విరగకూడదు.

మొదట్లో నింద అంతా వెల్డింగు మీద పడింది. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో కాన్‌స్టెన్స్ టిప్పర్ అనే మెటలర్జిస్టు ఉండేవారు. ఆవిడ ఆ ఉక్కును పరీక్షించి, చలి ఒక హద్దు దాటితే ఆ ఉక్కు సాగే గుణం కోల్పోయి గాజులాగా పెళుసెక్కుతుందని తేల్చారు. ఇది మెటీరియల్స్ వాళ్ళ సమాధానం. ఇక ఓడ డెక్కు మీద సరుకు దించే చదరపు కంతల మూలల దగ్గర ప్రతిబలం పోగుపడుతుంది. అది మెకానిక్స్ వాళ్ళ సమాధానం. పూర్వం రివెట్లు కొట్టిన ఓడలో పగులు ఒక ప్లేటు అంచుకి వచ్చి ఆగిపోయేది. వెల్డింగుతో ఓడంతా ఒకే ముక్క అయ్యేసరికి పగులుకు అడ్డు లేకుండా పోయింది. మూడు కారణాలూ కలిస్తేనే ఓడ విరిగింది. ఏ ఒక్కరి దగ్గరా పూర్తి సమాధానం లేదు.

పగులు ఎలా పాకుతుందన్న సిద్ధాంతానికి పునాది అంతకు ఇరవై ఏళ్ళ ముందే పడి ఉంది. ఇంగ్లండులో విమాన పరిశోధనాలయంలో పనిచేసే గ్రిఫిత్ గాజు మీద ప్రయోగాలు చేసి, వస్తువులు మన లెక్కలకన్నా ఎంతో తక్కువ బరువుకే విరగడానికి కంటికి ఆనని సన్నటి పగుళ్ళే కారణమని 1921లో అచ్చయిన వ్యాసంలో చెప్పాడు. 1957లో ఇర్విన్ దాన్ని ఇంజనీర్లు వాడుకోగలిగే లెక్కగా మలిచాడు. ఈనాడు ఫ్రాక్చర్ మెకానిక్స్ అంటున్నది అదే. శాంపూ పాకెట్ అంచున చిన్న గాటు పెట్టి ఎందుకు అమ్ముతారో ఆలోచిస్తే గ్రిఫిత్ సగం అర్థమైనట్టే. గాటు లేని పాకెట్‌ను పళ్ళతో పీకినా చిరగదు కదా!

మరి మన కాలేజీల్లో ఏం జరుగుతోంది? స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ రెండో సంవత్సరంలో ఒక పేపరు. మెటలర్జీ ఇంకో పేపరు, అదీ చాలాచోట్ల సగం పేపరే. ఇది చెప్పే మేష్టారికీ అది చెప్పే మేష్టారికీ మధ్య ఒక గోడ. బెండింగ్ మూమెంటు బొమ్మ గీసే కుర్రాడికి పర్లైటు అంటే తెలియదు. పర్లైటు బొమ్మ గీసే కుర్రాడికి బెండింగ్ మూమెంటు గుర్తుండదు. పరీక్ష అయిపోగానే రెండూ మరిచిపోతారు.

గుడ్డ కప్పిన మెషీను

నేను చదివిన ఒక కళాశాలలో (పేరెందుకు లెండి) యూనివర్సల్ టెస్టింగ్ మెషీను ఒకటి ఉండేది. దాని మీద ఏడాదిలో పదకొండు నెలలు ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉండేది. ముప్ఫైమంది బ్యాచికి ఒకే ఒక్క ఇనుపకడ్డీ తెచ్చి లాగేవారు. ముందు నిలబడ్డ ఇద్దరికే డయల్ కనిపించేది. మిగతావాళ్ళకు చప్పుడు వినిపించేది. రికార్డు పుస్తకంలో రీడింగులు మాత్రం సీనియర్ల నుంచి జూనియర్లకు పిత్రార్జితంలాగా వస్తుండేవి. పదేళ్ళుగా అక్కడ విరిగిన కడ్డీలన్నీ ఒకే బరువుకు విరిగినట్టు రికార్డు!

పాపం, ఇందులో లాబ్ అసిస్టెంటు గారిని అనడానికి లేదు. మెషీను పాడైతే సంజాయిషీ ఆయన ఇచ్చుకోవాలి. కడ్డీలు టర్నింగ్ చేయించడానికి డబ్బులు ఎవరిస్తారు? అందుచేత మెషీను వాడకపోవడమే ఆయనకు క్షేమం. వాడని మెషీను ఎప్పటికీ కొత్తదే. విద్యార్థి మాత్రం ఏమీ చూడకుండానే పాతబడి బయటికి పోతాడు.

ఆ ఒక్క కడ్డీని తన చేత్తో బిగించి తనే లాగితే ఏం తెలుస్తుందో చూడండి. మెత్తటి ఉక్కు కొంతదూరం బరువుకు తగ్గట్టు బుద్ధిగా సాగుతుంది. ఉన్నట్టుండి డయల్ ముల్లు తడబడి వెనక్కి పడుతుంది, బరువు పెరక్కుండానే కడ్డీ సాగుతుంది. తర్వాత మళ్ళీ గట్టిపడుతుంది. చివరికి ఒకచోట నడుము సన్నబడి తెగుతుంది. తెగిన చోట ఒక ముక్క గిన్నెలాగా, రెండో ముక్క అందులో ఇమిడే గోపురంలాగా ఉంటుంది. అప్పుడే ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. మనం చేసిన పని వేడిగా మారిందన్నమాట. పుస్తకంలో నాలుగు పేజీల సంగతి అయిదు నిమిషాల్లో చేతికి తెలుస్తుంది.

మెషీను లేకపోతే సుద్దముక్క ఉంది కదా! రెండు చివరలూ పట్టుకుని మెలితిప్పండి. అది అడ్డంగా విరగదు, 45 డిగ్రీల వాలులో మరమేకు చుట్టులాగా విరుగుతుంది. మెత్తటి ఉక్కు కడ్డీని మెలితిప్పితే అడ్డంగా నున్నగా తెగుతుంది. మెలితిప్పడం ఒకటే, ప్రతిబలాల లెక్క ఒకటే, విరగడం మాత్రం వేరు. ఎందుకు? పెళుసు పదార్థం లాగుడుకు లొంగుతుంది, సాగే పదార్థం కోతకు లొంగుతుంది. మెకానిక్స్‌కీ మెటీరియల్స్‌కీ మధ్య గోడ లేదని ఒక్క సుద్దముక్క రుజువు చేస్తుంది.

ఈ అలవాటు ఎంత దూరం తీసుకెళ్తుందో నా అనుభవంలోంచే చెబుతాను. మా మేనమామకి ఆటోనగర్‌లో లారీ షెడ్డు ఉండేది. సెలవుల్లో వెళ్తే ఆయన విరిగిన యాక్సిల్ ముక్క నా ముందు పడేసి, "ఏరా అల్లుడూ, నువ్వు చదువుకున్నోడివి గదా, ఇంత లావు యాక్సిల్ ఎట్లా ఇరిగిందో చెప్పు" అనేవాడు. ఆయనకు బడి చదువు లేదు. కానీ ఆ ముక్క మీద ఆల్చిప్ప గీతల్లాగా ఒకదాని చుట్టూ ఒకటి ఉండే వంపుల్ని వేలితో చూపించి, "ఇదిగో, ఇక్కడ మొదలైంది పగులు, శానా రోజుల్నుంచి ఉంది, మిగతాది నిన్న ఇరిగింది" అని చెప్పేవాడు. 1860 ప్రాంతాల్లో జర్మనీలో ఓలర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి చెప్పిన అలసట సిద్ధాంతం అదే. చిన్న బరువైనా లక్షలసార్లు పడితే లోహం అలిసి విరుగుతుంది.

కొన్నేళ్ళకు ఒక పెద్ద సంస్థలో పిహెచ్.డి. ఇంటర్వ్యూకి వెళ్ళాను. బోర్డులో ఒకాయన విరిగిన బోల్టు ఒకటి బల్ల మీద పెట్టి, "దీని గురించి చెప్పు" అన్నారు. నాకన్నా ఎక్కువ మార్కులున్నవాళ్ళు ఆ రోజు అక్కడ చాలామందే ఉన్నారు. బోల్టు మీది ఆ వంపులు చూడగానే పగులు ఎక్కడ మొదలైందో, ఎటు పాకిందో, చివరికి ఎంత భాగం ఒక్కసారిగా తెగిందో చూపించాను. ఆ సీటు నాకు వచ్చింది. పాలిటెక్నిక్ నుంచి వచ్చిన, ఇంగ్లీషు తడబడే నాకు అది ఇప్పించింది షెడ్డులోని విరిగిన యాక్సిల్. మేనమామ షెడ్డు లేని కుర్రవాడి సంగతేమిటి? వాడికి ఉన్నదల్లా కాలేజీ లాబొరేటరీ ఒక్కటే. దానికి తాళం వేస్తే మనం మూసేది వాడి భవిష్యత్తుని.

స్కోప్ ఎక్కడుందంటే

ఇక స్కోప్ సంగతి. హైదరాబాదు కంచన్‌బాగ్‌లో 1963 నుంచి రక్షణ లోహ పరిశోధనాలయం డి.ఎమ్.ఆర్.ఎల్. ఉంది. మన యుద్ధ ట్యాంకులకు తొడిగే కవచానికి 'కంచన్' అన్న పేరు ఆ కంచన్‌బాగ్ నుంచే వచ్చింది. దాని పక్కనే 1973లో పుట్టిన మిశ్రధాతు నిగమ్, మిధాని, రాకెట్లకు కావలసిన మారేజింగ్ ఉక్కూ, టైటానియం మిశ్రమలోహాలూ తయారుచేస్తోంది. అణు రియాక్టర్లకు జిర్కోనియం మిశ్రమంతో గొట్టాలు చేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు ఆ నగరంలోనే ఉంది. బాలాపూర్‌లో లోహపు పొడులతో, కొత్త పదార్థాలతో పనిచేసే ఎ.ఆర్.సి.ఐ. ఉంది. విశాఖలో నౌకాదళ పరిశోధనాలయం, ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు ఉన్నాయి. 2022 నవంబరు 18న ఎగిరిన విక్రమ్-ఎస్ రాకెట్టు కార్బన్ నారతో చేసిన ఒళ్ళు కలది. అది చేసింది హైదరాబాదు కుర్రవాళ్ళ కంపెనీయే. ఇన్ని లోహశాలలు, ఇన్ని పరిశోధనాలయాలు ఒకేచోట పోగైన ప్రాంతాలు దేశంలో ఎన్నో లేవు. మనం మాత్రం వాటి గోడల పక్కనుంచి బస్సులో పోతూ 'స్కోప్ లేదు' అంటున్నాం!

చదువుల విషయానికొస్తే వరంగల్ ఎన్.ఐ.టి.లో, హైదరాబాదు ఐ.ఐ.టి.లో, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మెటీరియల్స్ శాఖలున్నాయి. బెంగుళూరు ఐ.ఐ.ఎస్‌సి., మద్రాసు ఐ.ఐ.టి. ఒక రాత్రి రైలు ప్రయాణం. గేట్ పరీక్షలో మెకానికల్, మెటలర్జీ పేపర్లే కాకుండా ఇంజనీరింగ్ సైన్సెస్ అనే పేపరు ఒకటుంది. అందులో సాలిడ్ మెకానిక్స్‌నీ, మెటీరియల్స్ సైన్సునీ రెండింటినీ కలిపి ఎంచుకోవచ్చు. గోడ కూలగొట్టే పని ఆ పరీక్షవాళ్ళు ఎప్పుడో చేశారు, మనమే గమనించలేదు. మూడో సంవత్సరం వేసవిలో సైన్సు అకాడమీలు ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌తో పెద్ద లాబొరేటరీలో రెండు నెలలు పనిచేయవచ్చు. పాఠాలంటారా, 2003లో మొదలైన ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా ఐ.ఐ.టి. ప్రొఫెసర్ల పాఠాలన్నీ ఇంట్లో కూర్చుని ఉచితంగా వినవచ్చు.

పోయినవాళ్ళు ఎక్కడిదాకా పోయారో కూడా చెప్పాలి. వరంగల్లో పుట్టి ఉస్మానియాలో మెకానికల్ చదివిన జె.ఎన్. రెడ్డి గారు పొరలు పొరలుగా ఉండే కాంపోజిట్ పలకల సిద్ధాంతానికి పేరుమోసి, టెక్సాస్‌లో ప్రొఫెసరై, 2019లో మెకానిక్స్‌లో అత్యున్నత గౌరవమైన టిమోషెంకో పతకం అందుకున్నారు. గుడివాడలో పుట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయం పట్టా పుచ్చుకున్న అట్లూరి సత్యనాథం గారు బెంగుళూరు మీదుగా ఎమ్.ఐ.టి.కి వెళ్ళి, కంప్యూటర్‌తో మెకానిక్స్ లెక్కలు చేసే విద్యలో ప్రపంచానికి గురువులయ్యారు. 2013లో పద్మభూషణ్ ఆయనను వరించింది. ఆంధ్రలో ఫిజిక్సు చదివి కాశీలో మెటలర్జీ పరిశోధన చేసిన పల్లె రామారావు గారు డి.ఎమ్.ఆర్.ఎల్. డైరెక్టరుగా పనిచేసి, 2011లో పద్మవిభూషణ్ పొందారు. వీళ్ళెవరూ ఆకాశంనుంచి ఊడిపడలేదు. మనలాంటి తరగతి గదుల్లోంచి లేచి వెళ్ళినవాళ్ళే.

"పొట్ట గడవాలి కదండీ!"

ఈ మాట అనేవాళ్ళను నేను కోప్పడను. అప్పు తీర్చాల్సిన ఇల్లుంటుంది, పెళ్ళి కావాల్సిన చెల్లెలుంటుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఎన్నో ఇళ్ళల్లో దీపం పెట్టింది. అయితే ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. గేట్‌తో ఎమ్.టెక్.లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండు. పిహెచ్.డి.లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి 37,000 రూపాయలు, పైన ఇంటద్దె భత్యం. పిహెచ్.డి. పూర్తికావడానికి అయిదేళ్ళు పడుతుంది. ఫెలోషిప్ డబ్బు ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది, అప్పుడు మెస్ బిల్లుకు స్నేహితులే దిక్కు. డబ్బు కోసమే చదివేవాళ్ళకు ఈ దారి చెప్పను. కానీ 'అటు వెళ్తే అడుక్కుతినాలి' అన్న మాట మాత్రం అబద్ధం.

ఇంకో మాట అంటారు, "ఇప్పుడన్నీ కంప్యూటరే చేస్తుంది కదా" అని. నిజమే, 1960లో ఆ పేరు పెట్టుకున్న ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి ఈనాడు ప్రతి డిజైన్ ఆఫీసులోనూ ఉంది. మీరేం ఇచ్చినా రంగురంగుల బొమ్మ గీసి చూపిస్తుంది. ఉక్కు అని చెప్పి సుద్ద గుణాలిచ్చినా గీస్తుంది, మూలలో పగులుందని చెప్పకపోయినా గీస్తుంది. ఆ బొమ్మ నమ్మదగ్గదా కాదా అని చెప్పగలిగే మనిషి కావాలి. తన చేత్తో నాలుగు కడ్డీలు విరిచినవాడే ఆ మనిషి. కంప్యూటర్ పెరిగినకొద్దీ అలాంటివాడి అవసరం పెరుగుతోందే కాని తగ్గడంలేదు.

తాతల నేతులు

మన సభల్లో ఎవరో ఒకరు లేచి, ప్రపంచానికి ఉక్కు నేర్పింది మనమే అంటారు. అది ఉత్త గొప్ప కాదు. నిజామాబాదు జిల్లా కోన సముద్రంలో కమ్మరులు మూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఊట్జ్ అని యూరపు పిలిచిన ఆ ఉక్కు రహస్యం కనుక్కోవడానికి 1820 ప్రాంతంలో లండన్‌లో మైకేల్ ఫారడే, స్టోడార్ట్‌తో కలిసి ప్రయోగాలు చేశాడు. ఫారడే కూడా కమ్మరి కొడుకే. ఉక్కు చేయడం తెలిసిన చేతులు ఇక్కడున్నాయి. అది ఎందుకు అలా ఉందని అడిగే లాబొరేటరీ మాత్రం అక్కడుంది. ఆ కమ్మరి పిల్లలకు ఆ తలుపు ఎవరూ తెరవలేదు. కొలిమి ఆరిపోయాక విద్య కూడా ఆరిపోయింది. లండన్‌లో రాసిపెట్టుకున్న కాగితాలు మిగిలాయి. 'మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి' అని ఇంకెంతకాలం చెప్పుకుంటాం?

ఏం చేయాలి?

విద్యార్థి సంఘం ఎన్నికల్లో క్యాంటీన్ గురించి, ఫీజుల గురించి వాగ్దానాలు చేస్తున్నాం. అవీ కావాలి. వాటితోపాటు ఈ నాలుగు కోర్కెలు కూడా ప్రిన్సిపాల్ గారి ముందు పెట్టాలని నా మనవి.

మొదటిది: వారానికి మూడు సాయంత్రాలు, అయిదు నుంచి ఎనిమిది వరకు, టెస్టింగ్ లాబొరేటరీ తెరిచి ఉంచాలి. బాధ్యత రీసెర్చ్ స్కాలర్లం వంతులవారీగా తీసుకుంటాం. నా వంతుకు నేను ఇప్పుడే పేరిస్తున్నాను. లాబ్ అసిస్టెంటు గారికి ఓవర్‌టైమ్ ఇవ్వాలి, మెషీను చెడిపోతే ఆయన జీతంతో ముడిపెట్టకూడదు.

రెండోది: రికార్డులో ప్రతి విద్యార్థికీ సొంత కడ్డీ, సొంత రీడింగు ఉండాలి. ఖర్చు ఎక్కువని అంటారేమో, ఊళ్ళో ఇల్లు కట్టేచోట మిగిలిన ఇనుపచువ్వ ముక్కలు చాలు. ఎఫ్‌ఇ 500 అని ముద్ర వేసిన టీఎమ్‌టీ చువ్వ నిజంగా ఆ ముద్రకు తగ్గట్టు 500 మెగాపాస్కల్స్ దాకా లొంగకుండా నిలబడుతుందా? ముక్క కోసి, నున్నగా పాలిష్ పట్టి, స్పిరిట్‌లో కలిపిన పలచటి నైట్రిక్ ఆమ్లంతో తుడిస్తే చుట్టూ గట్టి ఉంగరమూ లోపల మెత్తటి గుండె కనిపించాలి. ఆ ఉంగరం సమంగా ఉందా, ఒక పక్కకు ఒరిగిందా? మన ఇళ్ళ స్లాబుల్లో ఉండేవి ఆ చువ్వలే. ఇంతకన్నా మంచి ఫైనలియర్ ప్రాజెక్టు ఏముంటుంది? ప్రాజెక్టులు అమ్మే దుకాణాలకు వేలకు వేలు పోసేకన్నా ఇది చవక, పైగా ఇంటర్వ్యూలో నోరు పెగులుతుంది.

మూడోది: 'విరిగిన వస్తువుల మ్యూజియం'. వరండాలో ఒక అద్దాల బీరువా చాలు. ఆర్టీసీ డిపో నుంచి విరిగిన స్ప్రింగు పట్టీ, లారీ షెడ్డు నుంచి యాక్సిల్, చెరకు గానుగ ఇరుసు, తెగిన లిఫ్టు తాడు, తుప్పుతిన్న బోరుపైపు. ఒక్కొక్కదాని కింద చీటీ: ఇది ఏమిటి, ఎన్నేళ్ళు పనిచేసింది, పగులు ఎక్కడ మొదలైంది, ఎందుకు విరిగింది. చీటీ రాసినవాళ్ళ పేరు. మెకానికల్, సివిల్, మెటలర్జీ పిల్లలు ముగ్గురూ కలిసి సంతకం పెడితే తప్ప చీటీ అతికించకూడదు.

నాలుగోది: చీటీలు తెలుగులోనూ ఉండాలి. తెలుగు మీడియంలో ప్రతిబలం, వికృతి అని చక్కగా నేర్చుకుని వచ్చిన పల్లెటూరి పిల్లలు ఇక్కడికొచ్చి స్ట్రెస్, స్ట్రెయిన్ అనే మాటల దగ్గరే బెదిరిపోతున్నారు. తెలిసిన విషయమే తెలియనిదైపోతోంది. ఇంగ్లీషు నేర్చుకోవాల్సిందే. కానీ ముందు విషయం ఒంటబట్టాలి, అది అమ్మభాషలోనే త్వరగా ఒంటబడుతుంది.

వీటికి కోట్లు అక్కర్లేదు, కేంద్రం నుంచి జీవో రానక్కర్లేదు. ఒక తాళంచెవి, నాలుగు ట్యూబులైట్లు, కాస్త నమ్మకం చాలు. ఈ లైబ్రరీ మెట్ల మీద సాయంత్రాలు ఊసుపోక కూర్చునే మనలోనే రేపటి గేట్లు, వంతెనలు, రాకెట్లు పరీక్షించవలసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఆ సంగతి తెలియాలంటే చేతిలో ఒక విరిగిన ముక్క పెట్టాలి.

వచ్చే ఏడాది సావనీర్‌లో క్యాంపస్ సెలెక్షన్ల పట్టిక పక్కనే ఇంకో చిన్న పట్టిక వేద్దాం. ఈ సంవత్సరం మనవాళ్ళు ఎన్ని ముక్కలు విరిచారు, వాటిలో ఎన్ని ఎందుకు విరిగాయో తేల్చారు అని. ఆ అంకె ఎంత చిన్నదైనా సరే, సీనియర్ రికార్డు చూసి కాపీకొట్టింది కాకుంటే చాలు.